ఈ అక్షరాలున్న ఇంగ్లీషు మాట ఏది? వర్డిల్, స్క్రాబుల్ ఆడేవాళ్లు వెతకాల్సిన తీరు

ఐదక్షరాల మాటను ఊహించే వర్డిల్‌లో నాలుగో వరసకొచ్చి ఆగిపోయినా, అక్షరాల బిళ్లలతో (టైల్స్) బోర్డు మీద మాటలు పేర్చే స్క్రాబుల్‌లో క్యూ టైల్ చేతిలోనే ఉండిపోయినా మనవాళ్లలో చాలామంది చేసేది ఒకటే. పెదాలు కదుపుతూ మాటలు పలికి చూస్తారు. తెలుగులో అయితే ఆ పద్ధతి చెల్లుతుంది, పలికినట్టే రాస్తాం కాబట్టి. ఇంగ్లీషులో చెల్లదు. ఈ ఆటల్లో చెవిని పక్కనపెట్టి కంటితో వెతకాలి. కింద చెప్పే పద్ధతులన్నీ దీని మీదే నడుస్తాయి.

స్పెల్లింగ్ ముఖ్యమైన చోట అక్షరాలను గీతలతో విడదీసి రాశాం, బళ్లో సి-ఏ-టి క్యాట్ అని చదివినట్టు.

చెవి మోసం చేసే చోట్లు

తెలుగు చెవికి వి, డబ్ల్యు రెండూ 'వ'యే. వైన్ అనుకోగానే వి-ఐ-ఎన్-ఈ ఒక్కటే తోస్తే డబ్ల్యు-ఐ-ఎన్-ఈ జారిపోతుంది. 'జ' ఇంకా పెద్ద చిక్కు. జూ అన్నా, జంప్ అన్నా, జెంటిల్ అన్నా మనకు ఒకే జ. రాతలో చూస్తే మొదటిది జెడ్, రెండోది జె, మూడోది జి. జెడ్ ఉన్న మాట కోసం తంటాలు పడేవారికి నోట్లో జె మాటలే తిరుగుతుండటానికి కారణం ఇదే.

'ఫ' వినిపిస్తే ఎఫ్ ఒక్కటే చూడకండి. ఫోన్‌లో పి-హెచ్, రఫ్‌లో జి-హెచ్, హాఫ్‌లో ఎల్-ఎఫ్ ఉన్నాయి. మూగ అక్షరాలు సరేసరి: నైఫ్ ముందు కె, రిస్ట్ ముందు డబ్ల్యు, థంబ్ చివర బి. ఇక జంట అక్షరాలు. అక్క, అమ్మ అనేటప్పుడు వత్తును నొక్కి పలుకుతాం, అందుకే రాయడం మర్చిపోం. రాబిట్‌లో రెండు బి-లు ఉన్నాయని మాత్రం ఏ చెవీ చెప్పదు. వర్డిల్‌లో గెలవాల్సిన ఆట పోయిందంటే చాలాసార్లు జంట అక్షరమే కారణం.

'ఉన్న' అంటే ఏమిటో ముందు తేల్చుకోండి

ఏ, ఆర్, టి ఉన్న మాట కావాలని అడిగితే అందులో నాలుగు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఏది అడుగుతున్నారో తేలకపోతే ఎంత పెద్ద జాబితా వచ్చినా పనికిరాదు.

మూడూ అదే వరసలో పక్కపక్కన ఉండాలంటే పార్టీ, హార్ట్, స్మార్ట్ వస్తాయి. ఎక్కడున్నా చాలు, మూడూ ఉండాలంటే ట్రైన్, వాటర్ కూడా చేరతాయి. ఆ అక్షరాలు మాత్రమే, ఒక్కోటి ఒక్కసారే వాడాలంటే ఆర్ట్, రాట్, టార్ మిగులుతాయి. స్క్రాబుల్ అడిగే ప్రశ్న ఇది. ఆ అక్షరాలు మాత్రమే కానీ ఎన్నిసార్లయినా వాడొచ్చంటే టార్ట్, టార్టార్, మన అత్తరే అయిన ఏ-టి-టి-ఏ-ఆర్ వస్తాయి. న్యూయార్క్ టైమ్స్ పత్రికలోని స్పెల్లింగ్ బీ ఆట అడిగేది దీన్నే. వీటన్నిటికీ తోడు వర్డిల్ మరో షరతు పెడుతుంది: ఏ అక్షరం ఏ గడిలో.

మాటలు వెతికిపెట్టే సైట్లలో 'కంటైన్స్' అనే పెట్టె ఒక్కో చోట ఒక్కో అర్థంలో పనిచేస్తుంది. నమ్మే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఆ పెట్టెలో ఆర్, టి కొట్టి ఐదక్షరాల మాటలు అడగండి. వాటర్ కూడా వస్తే అది వరస పట్టించుకోదని అర్థం. పార్టీ వచ్చి వాటర్ రాలేదంటే పక్కపక్కన ఉన్నవే చూపిస్తోంది.

వర్డిల్: ఒక ఆట మొత్తం చూద్దాం

జాష్ వార్డల్ తయారుచేసిన ఈ ఆట 2021 అక్టోబరులో జనంలోకి వచ్చింది, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొన్నది. ఐదక్షరాలు, ఆరు ప్రయత్నాలు. అక్షరం సరైన గడిలో పడితే పచ్చ, మాటలో ఉన్నా వేరే గడిలోదైతే పసుపు, మాటలో లేకపోతే బూడిద. మొదట్లో జవాబుల జాబితా సుమారు 2,300 మాటలే. ఊహగా ఒప్పుకునే మాటలు అంతకు ఎన్నో రెట్లు. అంటే వింతమాటను పరీక్షకు వాడుకోవచ్చు, జవాబుగా మాత్రం తెలిసిన మాటనే ఆశించాలి. చివర ఎస్ తగిలించి చేసిన బహువచనాలు జవాబుగా రావడం బాగా అరుదు, కాబట్టి వాటి మీద ప్రయత్నం వృథా చేయకండి.

మొదటి మాట క్రేన్, సి-ఆర్-ఏ-ఎన్-ఈ, వేశారనుకోండి. చివరి ఈ పచ్చ, ఆర్ పసుపు, మిగతా మూడూ బూడిద. ఇప్పుడు కొత్త మాట కోసం గాల్లోకి చూడొద్దు. కాగితం మీద ఐదు గీతలు గీసి ఐదో దాంట్లో ఈ రాయండి. ఆర్ రెండో గడిలో ఉండదు, కాబట్టి దానికి మిగిలినవి మూడే కుర్చీలు: ఒకటి, మూడు, నాలుగు. ఒక్కో కుర్చీలో కూర్చోబెట్టి మాటలు రాయండి. మొదటి గడిలో అయితే రిడ్జ్, రైఫిల్, రూబుల్, రైమ్. మూడో గడిలో అయితే హార్స్, ఫోర్జ్, పర్జ్, వెర్జ్, మెర్జ్, సర్వ్. నాలుగో గడిలో అయితే స్టోర్, షోర్, స్పోర్, దేర్, వేర్.

రెండో మాటగా స్టోర్, ఎస్-టి-ఓ-ఆర్-ఈ, మంచిది. అదే జవాబు అవుతుందన్న ఆశతో కాదు. నాలుగో కుర్చీని తేలుస్తుంది, ఎక్కువ మాటల్లో వచ్చే ఎస్, టి, ఓ మూడింటినీ ఒకేసారి తేలుస్తుంది. ఆ మూడూ బూడిదై ఆర్ మళ్లీ పసుపు అయిందనుకుందాం. ఓ పోయింది కాబట్టి ఫోర్జ్, హార్స్ పోయాయి. ఎస్ పోయింది కాబట్టి సర్వ్ పోయింది. తెలిసిన మాటల్లో మిగిలినవి రిడ్జ్, రైఫిల్, రూబుల్, రైమ్, పర్జ్, వెర్జ్, వెర్వ్, మెర్జ్, డర్జ్, ఇంకో రెండు మూడు.

మూడో మాట మెర్జ్, ఎం-ఈ-ఆర్-జి-ఈ. ఎం బూడిద, మొదటి ఈ బూడిద, ఆర్ పచ్చ, జి పచ్చ, చివరి ఈ పచ్చ. ఒకే ఈ ఒక చోట బూడిద, ఒక చోట పచ్చ ఏమిటని తికమకపడేది ఇక్కడే. జవాబులో 'ఈ' అక్షరం ఒక్కసారే ఉందని దాని అర్థం, అసలు లేదని కాదు. అంటే వెర్జ్ కూడా పోయింది. ఇక పి-యు-ఆర్-జి-ఈ, డి-ఐ-ఆర్-జి-ఈ రెండే మిగిలాయి. నాలుగోసారి కాకపోతే ఐదోసారి తగులుతుంది.

పసుపు అక్షరాన్ని మళ్లీ అదే గడిలో పెట్టడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. గీతల కింద 'ఇక్కడ కాదు' అని చిన్నగా రాసుకుంటే ఆ తప్పు జరగదు.

ఇంకో గొయ్యి ఉంది. చివరి నాలుగూ ఓ-యు-ఎన్-డి అని తేలాక సంబరపడతారు. బౌండ్, ఫౌండ్, హౌండ్, మౌండ్, పౌండ్, రౌండ్, సౌండ్, ఊండ్ అని ఎనిమిది మాటలు ఎదురుగా నిలబడతాయి. ఒక్కోటీ వేసుకుంటూ పోతే ఆరు ప్రయత్నాలూ చాలవు. ఇక్కడ ష్రబ్, ఎస్-హెచ్-ఆర్-యు-బి, వేయండి. జవాబు కాదని తెలిసే వేస్తున్నాం. ఎస్, హెచ్, ఆర్, బి నాలుగింటినీ ఒక్క దెబ్బకు పరీక్షిస్తుంది. ఏదైనా రంగు మారితే జవాబు దొరికినట్టే. ఏదీ మారకపోతే నాలుగే మిగులుతాయి. హార్డ్ మోడ్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఈ దారి మూసుకుపోయింది. దొరికిన అక్షరాలను తర్వాతి మాటలో వాడి తీరాలి కదా. అందుకే హార్డ్ మోడ్‌లో మూడో ప్రయత్నం దాకా ఇలాంటి తోకల జోలికి పోకుండా ఆడటం మేలు.

రెండో గడిలో అక్షరం తేలితే దాని ముందు ఏవి నిలబడగలవో అవే చూడండి. రెండోది హెచ్ అయితే ముందు ఎస్, సి, టి, డబ్ల్యు, పి, జి, ఆర్, కె లాంటి కొద్ది అక్షరాలే వస్తాయి. రెండోది ఎన్ అయితే ముందు అచ్చు గానీ, ఎస్, కె, జి గానీ. అచ్చులేవీ తగలకపోతే వై గుర్తుచేసుకోండి: నింఫ్, క్రిప్ట్, ట్రిస్ట్, మిర్ లాంటివి. చివరిది ఎం-వై-ఆర్-ఆర్-హెచ్, చూస్తేనే నమ్మాలి.

స్క్రాబుల్: ఏడు టైల్స్ నుంచి మాట

ఆల్ఫ్రెడ్ బట్స్ అనే న్యూయార్క్ ఆర్కిటెక్ట్ పత్రికల మొదటి పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి టైల్స్ పంచాడు. మొత్తం 100. 'ఈ' 12, ఏ, ఐ తొమ్మిదేసి, ఓ 8, ఎన్, ఆర్, టి ఆరేసి. బహువచనాలతో ఆట మరీ సులువైపోతుందని ఎస్ నాలుగే పెట్టాడు. క్యూ, జెడ్, జె, ఎక్స్, కె ఒక్కోటే. ఖాళీ టైల్స్ రెండు. ఈ లెక్క గుర్తుంటే సంచిలో ఇంకా ఏం మిగిలిందో చెప్పొచ్చు.

ఏడు టైల్స్‌నీ ఒకేసారి దించితే 50 పాయింట్లు అదనం, దీన్నే బింగో అంటారు. దాని కోసం ఏడు అక్షరాలనీ కలిపి చూస్తూ కూర్చోకండి. తోకనో తలనో ముందు విడదీయండి. చేతిలో ఏ, డి, ఈ, ఐ, ఎన్, ఎస్, టి ఉన్నాయనుకోండి. ఈ, డి తీసి కుడివైపు పెట్టండి. మిగిలినవి ఎస్-టి-ఏ-ఐ-ఎన్, అంటే స్టెయిన్. కలిపితే స్టెయిన్డ్. వాటినే మార్చితే ఎస్-ఏ-ఐ-ఎన్-టి, సెయింటెడ్. ఇప్పుడు ఎస్ ఒక్కటే చివరికి పంపండి. మిగిలిన ఆరింటిలో డిటెయిన్ కనిపిస్తుంది, కలిపితే డిటెయిన్స్. ఐ, ఎన్ ముందుకు తెండి. మిగిలినవి ఎస్-టి-ఈ-ఏ-డి, కలిపితే ఇన్‌స్టెడ్. ఒకే చేతిలో నాలుగు బింగోలు, ప్రతిదీ రెండు మూడు టైల్స్ పక్కకు జరపడంతోనే వచ్చింది.

టైల్స్‌ను వరసగా కాక గుండ్రంగా పేర్చి చూడండి. వరసలో ఉంటే కన్ను ఎడమ నుంచి కుడికి చదివేస్తుంది, చదివిందే మళ్లీ చదువుతుంది. గుండ్రంగా ఉంటే మొదలు ఎక్కడో తెలియక అన్ని వైపుల నుంచీ చూస్తుంది.

బట్టీ పట్టేవాళ్లు అక్షరమాల వరసలో పేర్చుకుని గుర్తుపెట్టుకుంటారు. రోటీని ఐ-ఓ-ఆర్-టి అని పేర్చారనుకోండి. రయట్, ట్రయో, టోరి, టైరో అన్నీ ఆ ఒక్క తాళానికి వేలాడే తాళంచెవులే. చేతిలో ఆ నాలుగు అక్షరాలు కనపడగానే ఐదు మాటలూ ఒకేసారి గుర్తొస్తాయి. పెద్దవాటిలో ఆర్-ఈ-టి-ఐ-ఎన్-ఏ పక్కన ఎస్ వస్తే రెటినాస్, రిటెయిన్స్, నాస్టియర్, స్టెయినర్, ఇంకా కొన్ని. ఈ ఆరక్షరాలూ చేతిలో ఉంచుకోవడానికి చూసి, మిగతావి చిన్న మాటలతో వదిలించుకోవడం అనుభవమున్నవాళ్ల పద్ధతి.

మొండి అక్షరాలు

క్యూ వచ్చిందంటే యూ కోసం కాచుకు కూర్చోవడం పాత అలవాటు. క్యూ-ఐ అనే రెండక్షరాల మాట ఉంది, చైనా వైద్యంలో ప్రాణశక్తి. ట్రిపుల్ లెటర్ (అక్షరం విలువ మూడింతలయ్యే) గడిలో క్యూ పెట్టి అడ్డంగా, నిలువుగా రెండువైపులా క్యూ-ఐ వచ్చేలా వేస్తే ఒక్కోవైపు 31 చొప్పున 62 పాయింట్లు. యూ లేని మిగతా క్యూ మాటలు కొన్ని మనకు బాగా దగ్గరివి: ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్, టి-ఏ-ఎల్-ఏ-క్యూ, ఎన్-ఐ-క్యూ-ఏ-బి. ఫకీరు, తలాక్, నికాబ్‌లే. వీటితో పాటు క్యూ-ఏ-టి, క్యూ-ఏ-ఐ-డి, టి-ఆర్-ఏ-ఎన్-క్యూ నేర్చుకుంటే చాలావరకు గండం గడుస్తుంది.

జె చివర వచ్చే మాటలు ఇంగ్లీషులో దాదాపు లేవు. ఉన్నవాటిలో చాలా మన వైపు నుంచో అరబ్బు వైపు నుంచో వెళ్లినవే: రాజ్, తాజ్, హాజ్, స్వరాజ్. రెండక్షరాల్లో జె-ఓ ఉంది. జోలపాటలో జో కాదు, స్కాట్లండు మాటలో ప్రియుడో ప్రియురాలో. ఎక్స్‌కి ఏ-ఎక్స్, ఈ-ఎక్స్, ఓ-ఎక్స్, ఎక్స్-ఐ, ఎక్స్-యు ఉన్నాయి. జెడ్‌కి జెడ్-ఏ, అంటే పిజ్జా.

వి సంగతి వేరు. దానితో రెండక్షరాల మాట ఒక్కటీ లేదు. బోర్డు మీద వి పడిందంటే దాని పక్కన ఒరుసుకుంటూ మాట వేయలేరు, ఆ వైపు మూసుకుపోయినట్టే. ముందున్నవాళ్లు ఆధిక్యం కాపాడుకోవడానికి దీన్ని కావాలనే వాడతారు.

భారతీయ మాటల గురించి మనవాళ్లు మొహమాటపడి వేయరు. లాఖ్, క్రోర్, ధోతి, లుంగీ, పూరీ, రోటీ, చాయ్, గురు, బాబు, ఇవన్నీ చెల్లే మాటలే. ఐ, యూ చివర కావాల్సినప్పుడు ఇవి ఆదుకుంటాయి, ఇంగ్లీషులో ఆ తోకలు తక్కువ. మినుములకు యు-ఆర్-డి అన్న మాట ఉంది. తెలుగు పందికొక్కు బాండికూట్ అయి ఇంగ్లీషు నిఘంటువుల్లో కూర్చుంది. తొమ్మిదక్షరాలు కాబట్టి ఒక చేతిలో పట్టదు గానీ.

అచ్చులే వచ్చిపడితే అయోలి, అడ్యూ, ఆరా, యూరియా, ఎపీ లాంటివి నాలుగైదు నోటికి ఉండాలి. అచ్చులే లేకపోతే హెచ్-ఎం, ఎస్-హెచ్, బి-ఆర్-ఆర్, పి-ఎస్-టి, సి-డబ్ల్యు-ఎం. చివరిది వేల్స్ కొండల్లోని లోయ, బోర్డు మీద పెడితే ఎదుటివాళ్లు తప్పకుండా అభ్యంతరం చెబుతారు.

ఫోన్‌లో, కంప్యూటర్లో వెతకడం

పోటీలో కూర్చున్నప్పుడు ఇవేవీ పనికిరావు. ఇంట్లో సాధనకు, ఆట అయ్యాక ఏం వదిలేశామో చూసుకోవడానికి.

వన్‌లుక్ అనే నిఘంటు సైట్‌లో గుర్తులతో వెతకొచ్చు. ప్రశ్నార్థకం ? ఒక అక్షరానికి, నక్షత్రం * ఎన్ని అక్షరాలకైనా, # ఒక హల్లుకి, @ ఒక అచ్చుకి. మాట చివర - పెట్టి అక్షరాలు రాస్తే అవి లేని మాటలే వస్తాయి. + పెట్టి రాస్తే అవే ఉన్నవి వస్తాయి, ఎన్నిసార్లయినా. స్పెల్లింగ్ బీ సాధనకు ఈ + గుర్తే కావాలి. డి, ఓ, ఎం ఇస్తే డూమ్, మూడ్, డోడో వస్తాయి. అదే పని అనగ్రామ్ సైట్‌లో (ఇచ్చిన అక్షరాలను తారుమారు చేసి మాటలు చూపేది) చేస్తే ఈ మూడూ రావు, అది ఒక్కో అక్షరాన్ని ఒక్కసారే వాడుతుంది. బీలో నడిమి అక్షరం ఉండి తీరాలి, నాలుగక్షరాలకు తక్కువ చెల్లదు. వచ్చిన జాబితాను ఆ రెండు జల్లెళ్లలోనూ వడకట్టండి. వన్‌లుక్‌లో ఊళ్ల పేర్లు, రెండు మాటల పదబంధాలు కూడా వస్తాయి, వాటిని వదిలేయండి.

సొంతంగా జల్లెడ కావాలంటే ఎనేబుల్ అనే ఉచిత జాబితా దించుకోండి, సుమారు 1,73,000 మాటలు. గూగుల్ షీట్స్‌లో అతికించే ముందు మొదటి కాలమ్‌ను ఫార్మాట్, నంబర్, ప్లెయిన్ టెక్స్ట్‌కి మార్చండి. లేకపోతే ట్రూ, ఫాల్స్ అనే రెండు మాటలను షీట్ తర్కపు విలువలుగా మార్చేస్తుంది. పక్క కాలమ్‌లో లెన్ ఫంక్షన్‌తో పొడవు లెక్కించి ఐదు ఉన్నవి మాత్రమే కొత్త షీట్‌కి పేస్ట్ వాల్యూస్ ఓన్లీతో తీసుకెళ్లండి. అక్కడ మిడ్ ఫంక్షన్‌తో ఒక్కో అక్షరాన్ని ఒక్కో కాలమ్‌లోకి విడదీయండి. అప్పుడు ప్రతి గడికీ విడిగా ఫిల్టర్ పెట్టొచ్చు. ఒక కాలమ్‌కి ఒకే షరతు పెట్టనిస్తుంది కాబట్టి ఈ విడదీయడం తప్పదు. ఫైండ్ ఫంక్షన్ పెద్ద చిన్న బడి అక్షరాలను వేరుగా చూస్తుంది, సెర్చ్ చూడదు. అనుమానముంటే సెర్చ్ వాడండి.

ఐదక్షరాల మాటలకు పొడవు ఆరు అని వస్తోందా? విండోస్‌లో తయారైన ఫైల్‌లో ప్రతి లైను చివర కనపడని ఒక గుర్తు ఉంటుంది, అది కూడా లెక్కలోకి వచ్చింది. ట్రిమ్ దాన్ని తీయదు, క్లీన్ తీస్తుంది. గ్రెప్ (ఫైల్‌లో వరసలు వెతికిపెట్టే కమాండ్) వాడేవాళ్లకూ ఇదే తగులుతుంది: ^.....$ అని ఐదు చుక్కలు పెట్టినా ఐదక్షరాల మాటలు రావు, నాలుగక్షరాలవి వస్తాయి.

ఏ జాబితా ప్రకారం?

స్క్రాబుల్‌లో దొరికిన మాట చెల్లుతుందో లేదో చెప్పేది జాబితాయే, నిఘంటువు కాదు. అమెరికా, కెనడాల్లో ఎన్.డబ్ల్యు.ఎల్. (నాస్పా వర్డ్ లిస్ట్) జాబితా. ఇండియాతో సహా చాలా దేశాల పోటీల్లో కాలిన్స్, అందులో 2,80,000 మాటల దాకా ఉన్నాయి. రెండక్షరాల మాటలు మొదటి జాబితాలో 107, కాలిన్స్‌లో 127. అమెరికాలో ఉన్న బంధువులతో ఫోన్‌లో ఆడేవాళ్లు మొదటి టైల్ వేయకముందే ఏ జాబితానో సెట్టింగ్స్‌లో చూసుకోవాలి. సి-హెచ్, జెడ్-ఓ కాలిన్స్‌లో చెల్లుతాయి, అక్కడ చెల్లవు.